బొంత మీద కారు

మా నాయిన సుల్తాన్ బజార్ల కొనుక్కొచ్చిన ఎర్రకారు ప్లాస్టిక్‌ది గాదు, ఇనుముది. అరచేతిల పెట్టుకుంటే బరువు తెలిసేది. డోర్లు తెరుచుకునేవి, మళ్ల ఏస్తే టిక్కుమని పడేవి. గంత మంచి కారును నేను ఏడ నడ్పిననో తెల్సా? బొంత మీద!

ఎందుకంటే చిక్కడపల్లిల మీది పోర్షన్ల మేం కిరాయికుండేటోళ్లం, కింద ఓనరమ్మ. గచ్చు మీద కారు ఒక్కసారి జర్రుమన్నదంటే చాలు, కిందికెల్లి కేక: "ఏందమ్మా ఆ చప్పుడు, ఇల్లు కూలగొడ్తున్నరా?" అమ్మ ఉరికొచ్చి నా చెయ్యి పట్టుకునేది. ఓనరమ్మకు కోపమొస్తే మోటర్ ఎయ్యదు, మోటర్ ఎయ్యకపోతే మీదికి నీళ్లు రావు. అందుకని అమ్మ పాత చీరెల బొంతను మడతలేసి పరిచేది. "దీని మీద ఆడుకో బిడ్డా, మెల్లగ." బొంత మీద కారు పోతదా? చక్రాలు కుట్లల్ల ఇరుక్కుంటయి. నేనే నెట్టాలె, నేనే నోటితోటి డుర్రుమనాలె. అదిగూడ మెల్లగనే.

నారాయణగూడల బడికి నడ్సుకుంట పోయేటప్పుడు రోడ్డు మీది కార్లను చూసి కుళ్లుకునేదాన్ని. వీటి కింద ఓనరమ్మ లేదు గదా అని.

ఒకనాడు ఓనరమ్మ మనవడ్ని సంకనేసుకొని పైకొచ్చింది. పిల్లగాడు కారు పట్టుకున్నడు, ఇడ్వలే. పోయేటప్పుడు కొంపలంటుకున్నట్టు ఏడుపు. "అక్కది గదరా, ఇచ్చెయ్యి" అని ఓనరమ్మ పైపైన అంటున్నదిగాని వాని చెయ్యి మాత్రం ఇడిపిస్తలేదు. నేను అమ్మ దిక్కు చూసిన. అమ్మ మొహమాటంగ నవ్వుతున్నది. గా నవ్వుల మూతి ఒక్కటే నవ్వుతది, కండ్లు నవ్వయి. "ఉండనియ్యండమ్మా. తీస్కపో నాన్నా, మా పిల్ల ఏమనుకోదు."

ఏమనుకోదా! నన్నడిగినవా?

మర్నాటికెల్లి మొదలైంది. కింద వసారల, షాబాద్ బండల మీద, జర్ర్... జర్ర్... పొద్దుందాక. నా కారు నేల మీద ఎట్ల మోగుతదో నేను మొట్టమొదటిసారి మంచిగ ఇన్నది మెట్ల మీద కూసోని. ఏందా చప్పుడు అని ఒక్కలన్న అడిగిన్రా? పైకెల్లి నేనే కేకెయ్యాలనిపించేది, ఇల్లు కూలగొడ్తున్నరా అని. ఏడ ఏస్తం! ఆ ఇల్లు ఖాళీ చేసిననాడు కారు నల్లా కాడ పడున్నది, ఒక డోరు ఊడిపోయింది. తీస్కుందామని వంగిన. అమ్మ నా రెక్క పట్టి గుంజింది. "వద్దు బిడ్డా, ఇచ్చేసినం గదా."

ఇప్పుడు అశోక్‌నగర్ల ఉంటున్న. మళ్ల కిరాయే, మళ్ల మీదనే, మళ్ల కింద ఓనర్లే. మిక్సీ కింద గుడ్డ మడతేసి తిప్పుత. కుర్చీ జరపను, ఎత్తి పెడ్త. నా బిడ్డకు కోఠిల గసొంటి ఎర్రకారే దొరికితే కొనిచ్చిన. కొనిచ్చిననాడే బొంత గూడ పరిచిన.

మొన్న ఆదివారం కింది ఓనరాంటీ మనవరాల్ని ఎత్తుకొని పైకొచ్చింది. ఇగ చెప్పేదేముంది! ఆ పిల్ల కారు పట్టుకున్నది, ఇడ్వలే, ఏడుపు. నా బిడ్డ నా దిక్కు చూస్తున్నది. ఇయ్యం అనాలె, గంతే. గాని ఖాళీ చెయ్యమంటే ఏడికి పోవాలె, బిడ్డ ఇస్కూల్ గీడ్నే గదా. అమ్మ మొహమాటమంత వచ్చి నా మొహానికే అతుక్కున్నదేమో, నా మూతి అప్పటికే నవ్వుడు షురూ చేసింది.

అమ్మ మా దగ్గర్నే ఉంటది. సోఫల కూసోని చిక్కుడుకాయలు తుంచుతున్నది. తల గూడ ఎత్తకుంటనే అన్నది:

"అది మా పిల్లది. ఇయ్యం."

అంతే. "అయ్యో, ఎవరడిగిన్రమ్మా" అనుకుంట ఓనరాంటీ కారు ఇడిపించి, మనవరాల్ని తీస్కొని దిగిపోయింది. ఇల్లు కూలలే. అమ్మను కావలించుకోవాలనిపించింది, ఒళ్లు గూడ మండింది. గింత చిన్న మాట అప్పుడేడ దాచిపెట్టినవమ్మా?

అమ్మ లేచి బొంత గుంజి అవతల పడేసింది. కారు గచ్చు మీద పెట్టి, "నడ్పు బిడ్డా" అన్నది. నా బిడ్డ ఒక్క నెట్టు నెట్టింది. జర్రుమని కారు హాల్ల ఆ మూల దాంక ఉరికింది.

"మెల్లగ! కింద ఓనర్లున్నరు!"

అరిచింది నేనే.

బిడ్డ పోయి కారు తెచ్చుకున్నది. బొంత గూడ తనే తెచ్చి, మడతలేసి పరుచుకున్నది.