పేరు పెట్టి పిలవని పెద్దబాపు

పెద్దబాపు పోయాడని ఫోన్ వచ్చినప్పుడు నేను అడిగిన మొదటి మాట, "ఏ పెద్దబాపు?" అని. మా నాన్నకు ఉన్నది ఒక్కడే అన్న. నాకున్నది ఒక్కడే పెద్దబాపు. అయినా అలాగే అడిగాను. ఫోన్ చేసింది ఎనుమాముల మార్కెట్‌లో ఆయన మిర్చి అడ్తి, అంటే కమీషన్ దుకాణం, చూసే గుమాస్తా. పాపం ఆయనేం చెబుతాడు? "మన సేటేనమ్మా. బస్త మీద కూసోని చాయ్ తాగుతాండు. గ్లాసు కిందవడ్డది. గంతే" అన్నాడు.

గంతే అంటే ఏమిటండీ? ముందురోజు సాయంత్రం నాతో ఫోన్‌లో పోట్లాడిన మనిషి. పచ్చడికి మిరపకాయలు బయట కొన్నానని తెలిసి, అడ్తిదారు తమ్ముని బిడ్డవై ఉండి కిరాణా కొట్టులో కొంటావా, నా ఇజ్జత్ తీసినవు గదా అని అగ్గి మీద గుగ్గిలమయ్యాడు. నేనూ తగ్గలేదు. అలా అరిచిన గొంతు తెల్లారేసరికి లేకపోవడమేమిటో నాకు ఇప్పటికీ అంతు చిక్కడం లేదు. అందరూ ఆయన గురించి ఏదైనా రాయమంటే రాస్తున్నాను గానీ, నమ్మి రాయడం లేదు.

ఆయన ఇల్లు మట్టెవాడలో. పెద్దమ్మ పోయి కొన్నేళ్ళయింది. పైన తండ్రీ కొడుకులిద్దరే ఉండేవారు. కింద రోడ్డు వైపున్న దుకాణం మడిగెలో మా తమ్ముడు, అంటే పెద్దబాపు కొడుకు, వీడియో గేముల సెంటర్ పెట్టాడు. రెండు పెద్ద టీవీలు, నాలుగు కుర్చీలు, కాలేజీ పిల్లలు. మిర్చి వ్యాపారం చెయ్యవలసినవాడు బొమ్మలాట పెట్టుకున్నాడని పెద్దబాపు చాలాకాలం ఆ మడిగె వైపు చూడనైనా లేదు. తర్వాత ఒకరోజు మార్కెట్‌కు సెలవు, ఎండ మండిపోతున్నది, లోపల ఏసీ ఉన్నది. వచ్చి వెనక కుర్చీలో కూచున్నాడు. ఇక లేవలేదు.

ఆ రోజు నడుస్తున్న గేమ్ కథ ఇది. గ్రీసు దేశపు యోధుడొకడు దేవుళ్ళ మీద పగబట్టి, వాళ్ళను చంపి, ఆఖరికి కన్న తండ్రిని కూడా చంపుతాడు. ఆ పాపం మొయ్యలేక ఎక్కడో ఉత్తరాన మంచుదేశంలో సంసారం పెట్టుకుంటాడు. భార్య చనిపోతుంది. ఆమె బూడిదను అన్నిటికన్నా ఎత్తైన కొండ మీద చల్లడానికి తండ్రీ కొడుకులు బయలుదేరుతారు. దారి పొడుగునా ఆ దేశపు దేవుళ్ళు అడ్డం పడతారు. ఉరుముల దేవుడి కొడుకులు, లోకాన్నే చుట్టుకున్న పాము, ఇంకా ఎవరెవరో.

పెద్దబాపుకు పాముతో పేచీ లేదు. బూడిదతోనే వచ్చింది. గోదావరిలో కలపవలసింది గుట్టెక్కించుడేమిటి, వీళ్ళకు చెప్పే పెద్దమనిషి లేడా అని తమ్ముణ్ణి నిలదీశాడు. అంత మంచులో ఆ తండ్రి అంగీ లేకుండా తిరగడం ఇంకో కష్టం. తను ఏసీ కింద కండువా కప్పుకుని, ఆయనకు చలి పెట్టదా అని బాధపడేవాడు. కాలేజీ పిల్లలు పడీపడీ నవ్వేవారు. నవ్వనిచ్చేవాడు.

పిల్లలు లేని వేళ తనే ఆడటం మొదలుపెట్టాడు. ఆట ఆడించే కంట్రోలర్‌ను రిమోట్ అనేవాడు. ఎంత చెప్పినా రిమోటే. ఒకసారి మార్కెట్ నుంచి నేరుగా వచ్చి, చేతులు కడగకుండా ఆడి పైకి వెళ్ళిపోయాడు. పొద్దంతా మిరపకాయలు పట్టి, ఎండి గలగలమంటున్నాయా లేదా అని చెవి దగ్గర ఊపి చూసిన చేతులవి. ఆ సాయంత్రం నేనూ అక్కడున్నాను. వచ్చిన పిల్లలు ఆ రిమోట్ పట్టుకుని ఆడుతూ కళ్ళు నులుముకున్నారు. ఇంకేముంది! ఒకడు నల్లా కింద తల పెట్టాడు, ఇంకొకడు దవాఖానకు పోదామన్నాడు. కిందికి దిగి వచ్చిన పెద్దబాపు ఎర్రకళ్ళతో ఉన్న వాళ్ళను చూసి, "గిది తేజ మిర్చి. జర మర్యాద ఇయ్యాలె" అన్నాడు. కోప్పడబోయిన తమ్ముడు నవ్వు ఆపుకోలేకపోయాడు. వాళ్ళిద్దరూ ఒకేసారి నవ్వగా చూడటం నాకు అదే మొదలు.

వాళ్ళ మధ్య ఒక ముల్లు ఉండేది. ఆ సంగతి చెప్పాలి.

తమ్ముడికి మా తాత పేరు పెట్టారు, సాంబయ్య అని. మా వైపు తాత పేరు పెట్టిన పిల్లవాణ్ణి ఇంట్లో పెద్దలు ఆ పేరుతో పిలవరు. కోడలు మామ పేరు ఎట్లా పలుకుతుంది? కొడుకు తండ్రి పేరు పెట్టి ఎట్లా కేకేస్తాడు? పెద్దమ్మ చిన్నోడా అనేది. పెద్దబాపుకు అదీ లేదు. ఇగో, ఓ, ఇటు చూడు, అంతే. బడిలో చేరిన కొత్తలో సారు హాజరు పిలుస్తూ సాంబయ్య అంటే వీడు లేచి, తాత చచ్చిపోయిండు సార్ అన్నాడట. ఆ మాట ఇంట్లో ఎన్నాళ్ళు చెప్పుకుని నవ్వామో. వాడు మాత్రం ఎప్పుడూ నవ్వలేదు.

ఒక మధ్యాహ్నం నేను కూడా ఆ మడిగెలో ఉన్నాను. తమ్ముడు ఆడుతున్నాడు, పెద్దబాపు వెనక కూచున్నాడు. తెర మీద తండ్రి కొడుకును ఏదో గద్దించాడు. తమ్ముడు తల తిప్పకుండానే నాతో, "అక్కా, సూసినవా? ఈయన గూడ కొడుకును పేరు పెట్టి పిలువడు. మనింట్ల లెక్కనే" అన్నాడు.

అది తాత పేరు కదరా, నీకు తెలియదా అని నేను కసిరాను.

"ఎర్కనే. ఎర్కున్నా ఒక్కసారి ఇనాలని ఉంటది" అన్నాడు వాడు.

గేమ్‌లో ఆ తండ్రీ కొడుకులు పడవెక్కి చాలాదూరం పోయారు. అప్పుడు పెద్దబాపు అడిగాడు, ఈయన తన కొడుక్కు తన తండ్రి పేరు ఎందుకు పెట్టలేదని. తండ్రిని చంపినవాడు ఆ పేరెందుకు పెట్టుకుంటాడు అన్నాడు తమ్ముడు.

"గదే మరి" అన్నాడు పెద్దబాపు. కొడుకుతో కాదు, నా వైపు చూస్తూ. "నేను పెట్టుకున్న బిడ్డా. మా బాపు ముంగట నేను మంచమ్మీద కూసోలె. ఆయన పేరు నోట్లెకెల్లి ఎట్ల ఎల్లదియ్యాలె?" కండువా సర్దుకుంటూ, "జర టైమియ్యుమను. అలవాటు జేస్కుంట" అన్నాడు.

తమ్ముడు ఆట ఆపేశాడు. టీవీ దుమ్ము తుడిచాడు. అక్కడ దుమ్మేమీ లేదు.

తర్వాత నేను పెద్దబాపుకు ఫోన్ చేసినప్పుడల్లా, పిలిచినవా అని ఏడిపించేదాన్ని. నోటిదాకా వస్తున్నది, అక్కడ ఆగుతున్నది అనేవాడు. స్నానాల గదిలో ఒంటరిగా అనుకుని చూశాడట, తండ్రి తలుపు అవతల నిలబడి విన్నట్టయిందట. ఇంత వయసొచ్చి ఇంకా తండ్రికి భయమా అంటే, "భయం గాదు బిడ్డా. గా పేరు పిలుస్తె మా బాపే పలుకాలె. ఇంకోడు పలికితె మా బాపు నిజంగ లేనట్టే" అన్నాడు. వాగుడుకాయనని పేరున్న దాన్ని, ఆ పూటకు ఏడిపించడం మానేశాను.

చివరిరోజు మిరపకాయల తగవు ముగిశాక కూడా అడిగాను. మిర్చి సీజన్ అయిపోయిన తర్వాత కొమురవెల్లికి పోయి మొక్కి, తండ్రికి చెప్పుకుని, అక్కడే గుడి ముందర పిలుస్తానన్నాడు. నువ్వు గూడ రావాలె అన్నాడు. వస్తానన్నాను. ఏ చీర కట్టుకోవాలో కూడా అనుకున్నాను, ఒట్టు.

మరునాడు శవం ముందర తమ్ముడు ఏడవలేదు. అడిగినవాళ్ళకు మంచినీళ్ళు ఇచ్చాడు, కుర్చీలు వేయించాడు. మార్కెట్ హమాలీలంతా వచ్చారు. డప్పులు మోగుతుంటే నడిచాము. దింపుడు కల్లం దాకా ఆడవాళ్ళం కూడా వెళ్ళాము. అక్కడ పాడె దింపి, కొడుకును చెవిలో మూడుసార్లు పిలవమంటారు. పోయిన ప్రాణం తిరిగి వస్తుందేమోనని ఆశ. వచ్చిన దాఖలా ఎవరూ ఎరగరు. అయినా పిలవకుండా ఎవరినీ ముందుకు తీసుకుపోరు.

తమ్ముడు మోకాళ్ళ మీద కూచున్నాడు. చెవి దగ్గర వంగి, బాపూ అన్నాడు. డప్పులు ఆగాయి. మళ్ళీ బాపూ అన్నాడు. మూడోసారి ఇంకా మెల్లగా అన్నాడు గానీ, పక్కనే ఉన్నాను కనుక నాకు వినిపించింది.

"బాపూ, నేను. సాంబయ్యను."

పిలవడం అయిపోయింది, లెమ్మని పెద్దమనిషి భుజం తట్టాడు. వాడు లేవలేదు. ఇంకా కిందికి వంగి, తండ్రి నోటి దగ్గర తన చెవి పెట్టాడు. కళ్ళు మూసుకున్నాడు. మోసేవాళ్ళు నలుగురూ పాడె మీద చేతులు వేసి అలాగే నిలబడ్డారు, ఎత్తలేదు.