మధ్యలో ఆగిపోయిన నా సాక్ష్యం

నా చిన్నకూతురు కామెర్లతో నా ఒళ్లోనే కన్నుమూసిన వేసవిలో నేను ప్రార్థించడం మానేశాను సహోదరులారా, కాదు, మానిపించారు అంటేనే నిజం! బిడ్డను సమాధి చేసిన తర్వాతి ఆదివారం మాచర్లలోని మా ప్రార్థన గుడిలో, దేవుడు చేసింది చెప్పే సాక్ష్యానికి లేచి, ‘దేవుడు నా బిడ్డను బాగుచేయలేదు, ఎందుకో నాకు తెలియదు’ అన్నానో లేదో, సంఘపెద్ద భార్య దీనమ్మ వదిన కంజీర అందుకొని పాట ఎత్తుకుంది, అందరూ చప్పట్లు కొట్టారు, నేను కూర్చుండిపోయాను. ఎవరెవరు కొట్టారో ఇప్పటికీ పేరుపేరునా చెప్పగలను, వాళ్లకే తెలుసు కనుక చెప్పను!

ఆనాటి నుంచి గుడికి వచ్చినా నోరు తెరవలేదు. ఇంట్లో మోకరించినా ప్రార్థన మొదలుపెట్టకుండానే లేచేదాన్ని, దేవుడు కూడా మధ్యలో ఆపేస్తాడేమోనని భయం.

అలాంటి రోజుల్లో సువార్త పరిచర్య నేర్చుకునే పెద్దవాళ్ల తరగతికి గురజాల నుంచి దయానందం మాస్టారు వచ్చారు. అంతకుముందు టేప్‌రికార్డరులో ప్రసంగం పెట్టేవారు, మేము కునికేవాళ్లం. మాస్టారు దాన్ని కట్టేసి మమ్మల్ని జతలుగా కూర్చోబెట్టారు. ‘ఊళ్లకు వెళ్లి చెప్పేముందు వినడం నేర్చుకుందాం. ఒకరు తమ బాధ చెప్పాలి. రెండోవారు బైబిలు వాక్యం ఎత్తకుండా, ఓదార్చకుండా విని, విన్నది విన్నట్టు అందరికీ చెప్పాలి’ అన్నారు. నాకు జత ఎవరనుకున్నారు? దీనమ్మ వదినే!

“ఈమెతో నేను కూర్చోనండీ” అన్నాను.

“నేను మాత్రం కూర్చుంటానన్నానా ఏంది? ఏమే కరుణా, ఇంకా ఆ పాటే పట్టుకున్నావా?” అంది వదిన.

“నువ్వే ఎత్తుకున్నావుగా వదినా, నేనింకా దించలేదు” అన్నాను.

మాస్టారు నవ్వి, ఇంతకన్నా మంచి జత దొరకదన్నారు.

ఇక మొండిగా అంతా చెప్పాను. వదిన నోరు తెరవబోయినప్పుడల్లా మాస్టారు చెయ్యెత్తి ఆపారు. తర్వాత ఆమె లేచింది. “బిడ్డ చివరిరోజున మామిడిముక్క అడిగిందంట. పత్యమని ఈమె పెట్టలేదంట. దేవుడు బాగుచేయలేదంట. ఎందుకో ఈమెకు తెలవదంట...” అని ఆగిపోయింది. “నాకూ తెలవదు కరుణా. నా తమ్ముడు పోయినకాడి నుంచి నేనూ అదే అడుగుదామనుకొని చానా భయపడ్డాను. నువ్వు పైకి అడిగేసరికి తట్టుకోలేక పాట ఎత్తుకున్నానే!” అని ఏడ్చింది.

ఈసారి ఎవరూ చప్పట్లు కొట్టలేదు. అప్పుడు నా నోరు తెరుచుకుంది సహోదరులారా! “ప్రభువా, నా బిడ్డ నీ దగ్గరుంది, దానికి మామిడిముక్క పెట్టు తండ్రీ” అని అందరి ఎదుట ప్రార్థించాను, వదిన నాతోపాటు ఆమెన్ అంది. దేవునికే మహిమ!

జరిగిన అవమానాన్ని నేను మరచిపోలేదు, మరచిపొమ్మని ప్రభువు నన్ను అడగనూ లేదు. బాగైనవాళ్లే సాక్ష్యం చెప్పాలని ఎవరైనా అంటే నమ్మవద్దు. బాగుకాని సంగతిని ఉన్నదున్నట్టు ఆయన ముందు పెట్టండి, చివరి మాటదాకా ఆయన వింటాడు!