గంజి తాగిన మిషన్

“ఇది పాప ఊపిరితిత్తుల్లోకి పోతే?”

చేతిలోని తెల్లగుడ్డను నా భార్య మాలినికి చూపించి అడిగాను. వెనక వరండాలోని వాషింగ్ మిషన్ తలుపు చుట్టూ ఉండే రబ్బరు మడతలో వేలు పెట్టి తుడిచాను. గుడ్డకు కాటుకలాంటి నలుపు అంటింది, దానితోపాటు జిగట, పులిసిన వాసన. మా పాప జీవితకు ఇంకా రెండేళ్లు నిండలేదు. తమిళుల ఐప్పశి మాసం వానలు మొదలైనప్పటి నుంచి దానికి పొడి దగ్గు. పడుకుంటే ఛాతీలో పిల్లికూతలు. ఇంట్లో చెమ్మ, బూజు ఎక్కడైనా ఉన్నాయేమో చూడమని డాక్టరమ్మ చెప్పింది. గోడలు చూశాను, అటక చూశాను. పాప బట్టలన్నీ ఉతికే మిషన్ చివరికి గాని గుర్తుకు రాలేదు.

“దొరికింది గదా, కడుగు. ఎందుకట్ల నిలబడినావు?” అంది మాలిని.

“కడిగేది పెద్ద పని కాదు. పెద్దమ్మకు ఎట్ల చెప్పేది?”

“మీ పెద్దమ్మ. నువ్వే చెప్పు,” అని పాపను ఎత్తుకుని ముందు గదిలోకి వెళ్లిపోయింది.

మా అమ్మకు అక్క రంగనాయకి. కోయంబత్తూరు పీలమేడులో మా ఇంటి వెనకభాగంలోనే ఉంటుంది. వీధిలో తమిళం వాళ్లూ మన తెలుగువాళ్లూ అందరూ ఆమెను ‘కంజి అక్కా’, అంటే గంజి అక్కా, అనే పిలుస్తారు. అవినాశి దగ్గర పత్తి పండించే ఇంట్లో పుట్టి, నూలు మిల్లులో పనిచేసే పెదనాన్నను పెళ్లాడి ఇక్కడికి వచ్చింది. మిల్లు మూతబడ్డాక పెదనాన్న దిగులుతో ఇంట్లో కూర్చున్నాడు. పెద్దమ్మ కూర్చోలేదు. పక్కింటి టీచరమ్మ నూలుచీరకు గంజి పెట్టి ఇచ్చింది. ఆమె అది కట్టుకుని బడికి వెళ్తే, కొన్నాళ్లకే మిగతా టీచర్లు చీరలు పట్టుకుని మా గేటు ముందు నిలబడ్డారు. ఆ చీరలే కూతురు భాగ్యాన్ని చదివించాయి, పళనిలో కాపురానికి పంపాయి.

ఎవరికి ఎంత చిక్కన పెట్టాలో పెద్దమ్మకు తెలుసు. బస్సులో నిలబడి పోయేవాళ్లకు చిక్కన, ఒళ్లు చేసినవాళ్లకు పలచన. ఆరిన చీరను ఒక్కసారి ఝాడిస్తుంది. ఆ చప్పుడు తనకు నచ్చకపోతే మళ్లీ నీళ్లలో వేస్తుంది. పెదనాన్న పోయినప్పుడు కూడా ఆమె ఎక్కువ రోజులు పని ఆపలేదు. “చుమ్మా, ఊరికే కూర్చుంటే ఏడుపు వస్తాండాది,” అంది.

నిరుడు జారిపడి మణికట్టు విరిగింది. ఎముక అతుక్కుంది గాని పిండే బలం తిరిగి రాలేదు. పాప గుడ్డల కోసం మేం కొన్న మిషన్‌ను ఆమె కొన్నాళ్లు దూరం నుంచే చూసింది. ఒకరోజు సబ్బుపొడి వేసే సొరుగులో వడకట్టిన గంజి పోసి, చీరలు తిప్పి, నన్ను పిలిచి చూపించింది.

“చూడు కన్నూ, నా చెయ్యి చేసేది అది చేస్తాండాది!”

నేనూ మెచ్చుకున్నాను. కెమిస్ట్రీ చదివినవాణ్ని, రంగుల ల్యాబులో ఉద్యోగం. అయినా ఆ సంతోషం చూస్తూ, ఆ గంజి ఎక్కడికి పోతుందని ఆలోచించలేదు. కొంత రబ్బరు మడతలో, కొంత సొరుగు వెనక, కొంత కింది ఫిల్టరులో నిలిచిపోయింది. తడి, చీకటి, పిండిపదార్థం దొరికాక బూజుకు ఇంకేం కావాలి?

ఇప్పుడు చెబితే ఆమె పని ఆగిపోవచ్చు. చెప్పకపోతే పాప అదే బూజు పీల్చవచ్చు. గుడ్డ పట్టుకుని పెద్దమ్మ గదిలోకి వెళ్లాను. ఆమె నా చేతిలోంచి గుడ్డ తీసుకుని వాసన చూసింది. నేను నోరు తెరవక ముందే అంది:

“గంజిరా ఇది. నా గంజి.” గుడ్డను మడుస్తూ, “అయితే బిడ్డ దగ్గు నా వల్లనా?”

“అట్ల చెప్పలేను పెద్దమ్మా. కావచ్చు, కాకపోవచ్చు. బూజు మంచిది కాదని మాత్రం చెప్పగలను.”

“ఇంత చదివి, ఔను కాదు అని ఒక్క మాట చెప్పలేవా? దీనికా మీ అమ్మ నీకు ఫీజు కట్టింది?” అని నవ్వబోయింది. నవ్వు రాలేదు.

ఆ ఆదివారం మిషన్ శుభ్రం చేశాం. కిటికీలు తెరిచి, చేతులకు తొడుగులు వేసుకుని, సీసా మీద రాసినట్టు బ్లీచ్‌లో నీళ్లు కలిపి రబ్బరు మడతలన్నీ తుడిచాను. ఇంతలో పెద్దమ్మ నిమ్మచెక్కలతో వచ్చి తలుపు దగ్గర వంగింది.

“వద్దు పెద్దమ్మా! తియ్యి చెయ్యి!”

“అయ్యో, ఏమిరా, పామును చూసినట్ల అరుస్తావు? వాసన పోతాదని నిమ్మకాయ తెస్తిని.”

“బ్లీచ్‌లో పులుపు కలిస్తే విషగాలి వస్తుంది. రెండూ ఒకచోట వాడకూడదు.”

ఆమె నిమ్మచెక్కలను చూసింది, నన్ను చూసింది. “సరి. రసం పెట్టుకుంటాను,” అని లోపలికి పోయింది. మళ్లీ వచ్చి పాత పళ్లబ్రష్‌తో సొరుగు మూలలన్నీ తోమింది. ఫిల్టరు విప్పితే అప్పం పిండిలాంటి ముద్ద బయటికి వచ్చింది. అన్నీ మంచినీళ్లతో కడిగి, బట్టలు వేయకుండా బాగా వేడినీళ్లతో ఒకసారి తిప్పాం.

మిషన్ తిరుగుతూ ఉండగానే కమలమ్మాళ్ టీచర్ చీరల సంచితో వచ్చింది. పెద్దమ్మ సంచి అందుకోలేదు.

“ఇనిమే ఇల్లైంగ టీచర్. ఇంక పెట్టేది లేదు.”

“ఏన్ అక్కా?” అని కారణం అడిగింది టీచరు.

“చెయ్యి బాగలేదు,” అంది. బూజు మాట ఎత్తలేదు. టీచరు సంచితో వెళ్లిపోయింది. పెద్దమ్మ మెట్టు మీద కూర్చుని, మణికట్టును రెండో చేత్తో పట్టుకుని ఉంది.

నేను అటకెక్కి, మిషన్ వచ్చాక మూల పడేసిన ఆమె పాత అల్యూమినియం గంగాళం దించాను.

“ఇదెందుకు?”

“గంజి దీనిలో పెట్టు. పిండేటప్పుడు ఇంకో కొస నేను పట్టుకుంటాను.”

“ఆఫీసుకు పోయేవాడివి. వీధిలో వాళ్లు నవ్వుతారు.”

“నవ్వనీ. నేనే వెళ్లి టీచరును పిలుచుకుని వస్తాను.”

మరుసటి ఉదయం వరండాలో చీర చెరో కొస పట్టుకున్నాం. నేను ఒక పక్కకు మెలిపెట్టాను, ఆమె ఇంకో పక్కకు. “అట్ల లాగవద్దురా, అది తేరు కాదు!” అంది. నా చొక్కా తడిసింది, పాప చప్పట్లు కొట్టింది. కమలమ్మాళ్ చీర ఆరాక పెద్దమ్మ ఝాడించి చూసి, తలూపింది.

వానలు వెనకపట్టాయి. పాప దగ్గు తగ్గింది. మిషన్ శుభ్రం చేసినందువల్లనా, ఎండల వల్లనా, డాక్టరమ్మ మందు వల్లనా, నేను చెప్పలేను. కానీ కొన్నాళ్లకు మిషన్ దగ్గర మళ్లీ అదే వాసన సన్నగా తగిలింది. పెద్దమ్మను పిలిచాను.

“గంజి పోయడం లేదు గదా,” అన్నాను.

పెద్దమ్మ మూసి ఉన్న మిషన్ తలుపు చూసింది. “ఎప్పుడూ దీన్ని మూసే పెడతావా?”

“పాప లోపలికి దూరితే?”

ఆ భయం ఆమె కొట్టిపారేయలేదు. వరండా వాకిలి దగ్గరకు వెళ్లి, చెయ్యి పైకి చాచి, పై గొళ్లెం ఎక్కడ ఉండాలో చూపించింది.

“బిడ్డకు అందని ఎత్తులో ఇక్కడ గొళ్లెం పెట్టు, వాకిలి మూసెయ్యి. మిషన్‌ను మాత్రం మూయవద్దు. పని అయినాక దాని నోరు తుడువు, సొరుగు లాగి పెట్టు, ఆరనీ. నా గంగాళం ఏనాడన్నా తడిమీద మూత వేసినానా?”

గొళ్లెం ఆ సాయంత్రమే బిగించాను. ఇప్పుడు ఉతుకు అయిన ప్రతిసారీ రబ్బరు మడత తుడుస్తాను, సొరుగు లాగుతాను, మిషన్ తలుపు బార్లా తెరుస్తాను. వరండా వాకిలి మూసి పై గొళ్లెం పెట్టి, పాపను ఎత్తుకుని వచ్చేస్తాను.