బాయిల పడితె అవుట్

మా ఫ్యాక్టరీ క్రికెట్ టీముకు రెండు గ్రౌండ్లు ఉండేవని చెబితే మా ఇంట్లోవాళ్లే నవ్వుతారు. నవ్వనీ. ఆట వస్తే చాలు, పిలిచి ఉద్యోగమిచ్చిన రోజులవి. ఎనభైల్లో పాశమైలారంలో మా ఫ్యాక్టరీ పెట్టినప్పుడు పెద్ద మేనేజరుకు క్రికెట్ పిచ్చి. బ్యాటో బంతో పట్టడం తెలిసినవాడికి ముందు ఉద్యోగం, పని నేర్పడం తర్వాత. నేను వికెట్ కీపర్ని కాబట్టి ఫిట్టర్నయ్యాను. ఫిట్టర్‌గా ఎలాంటివాణ్ణో మాత్రం అడగకండి.

మొదటి గ్రౌండు బాయిలర్ షెడ్డు వెనక ఖాళీ జాగా. రెండేళ్లు ఆడామో లేదో, అక్కడ కొత్త ప్లాంటు లేచింది. కిట్టు బ్యాగు మోసుకుని దిక్కులు చూస్తుంటే మా కెప్టెన్ తన చెలక, అంటే మెట్ట చేను, చూపించాడు.

ఆయనది చిట్కుల్ దగ్గరి రైతు కుటుంబం. భూమిలో సగం ఫ్యాక్టరీకి పోతే, బదులుగా మిషన్ ఆపరేటర్ ఉద్యోగం దొరికింది. ఊళ్లోవాళ్లలాగే మేమూ పటేలా అనేవాళ్లం. చిన్నప్పుడు చిర్రగోనె, అదే బిళ్లంగోడు, ఆడిన చెయ్యి, బంతిని ఎంత దూరమైనా పంపేవాడు. మాది సంగారెడ్డిలో బియ్యం దుకాణం కనుక నన్ను సేటూ అని పిలిచేవాడు.

ఆ చెలక పక్కన వాళ్ల నాయన తవ్వించిన మెట్ల బావి ఉండేది. బోర్లు పడ్డాక నీళ్లు అడుగంటాయి. అటుకొసన తుమ్మకంప ఉండడంతో ఒకవైపు నుంచే బ్యాటింగ్ చేసేవాళ్లం. అలా బావి ఎప్పుడూ బ్యాట్స్‌మన్ ఎడమ చేతి వైపే ఉండేది. మొదటిరోజే పటేల్ రూలు పెట్టాడు.

“బాయిల పడితె అవుట్. కొట్టినోడే దిగి తేవాలె.”

“గిదేం రూలు పటేలా? పుస్తకంల యాడ లేదు.”

“పుస్తకం నీది సేటూ. బాయి నాది.”

ఆ మెట్లు దిగి, మోకాలిలోతు బురదలో చేతులు పెట్టి వెతకడమంటే ఏమిటో నన్నడగండి. చాలా బంతులు దొరికేవే కావు. పైనుంచి పటేల్ పొట్ట పట్టుకుని నవ్వేవాడు. నాకు ఒళ్లు మండేది. పదేళ్లలో మేమందరం బావిలో వేశాం. పటేల్ ఒక్కసారి కూడా వెయ్యలేదు. పోను పోను మేమందరమూ ఎడమవైపు కొట్టడమే మానేశాం.

తర్వాత ప్లాట్ల బేరగాళ్లు మోటారు సైకిళ్ల మీద తిరగడం మొదలైంది. అమ్మేద్దామని తమ్ముళ్లు పటేల్ ప్రాణం తోడేస్తున్నారు. ఆయనకేమో ఆ చెలక, ఆ బావి తప్ప నాయన గుర్తు ఇంకేదీ మిగల్లేదు. సంగతి తెలిసి మేనేజరు ఒక మాటన్నాడు. ఫ్యాక్టరీల మధ్య జరిగే పోటీలో ఈసారి కప్పు తెస్తే ఆ చెలకను కంపెనీయే కిరాయికి తీసుకుంటుందట. కిరాయి వస్తే తమ్ముళ్లు ఆగుతామన్నారు. అంటే కప్పు వస్తే చెలక ఉంటుంది, లేకపోతే ప్లాట్లవుతుంది.

సంగారెడ్డిలో ఫైనల్. మంచి గ్రౌండు. చుట్టూ సున్నపు గీత, బావీ లేదు, గీవీ లేదు. ఎదుటి టీము కెప్టెన్ గడుసువాడు. మా వాళ్లు ఎడమవైపు కొట్టరని నాలుగు ఓవర్లలోనే కనిపెట్టి, ఫీల్డర్లందర్నీ కుడివైపుకు తోలేశాడు. అయినా ఈడ్చుకుంటూ ఆఖరి బంతి దాకా వచ్చాం. నాలుగు పరుగులు కావాలి. బ్యాట్ పటేల్ చేతిలో ఉంది.

బంతి నేరుగా ఆయన కాళ్ల మీదికి వచ్చింది. ఎడమవైపు పురుగు లేదు. ఊరికే తిప్పితే చాలు, దానంతటదే గీత దాటేది. “తిప్పు పటేలా!” అని గొంతు చించుకున్నాను. ఆయన మోకాళ్లు వంచి, ఒళ్లంతా మెలి తిప్పి, కష్టపడి దాన్ని కుడివైపుకే నెట్టాడు. ఒక్క పరుగు వచ్చింది.

అందరం వ్యానులో తిరుగు ప్రయాణమయ్యాం. ఇస్నాపూర్ దాటాక పటేల్ అన్నాడు: “చెయ్యి రాలె సేటూ. గటు బాయున్నదనే అనిపిచ్చింది.”

నాకు నవ్వూ ఏడుపూ ఒక్కసారే వచ్చాయి. తిడదామనుకున్నవాణ్ణి ఆయన భుజం మీద చెయ్యి వేశాను. అంత ప్రేమ ఎవరిమీదా కలగలేదు నాకు.

చెలక అమ్మేశారు. బావి పూడ్చే రోజు నన్ను రమ్మని కబురు పెట్టాడు. మొరం లారీలు వరసగా నిలబడి ఉన్నాయి. పటేల్ డ్యూటీ బట్టల్లోనే, పాత బ్యాటుతో నిలబడి ఉన్నాడు.

“ఒక్క బాల్ ఎయ్యి సేటూ.”

నేనెప్పుడు బౌలింగ్ చేశాను గనక! ఎలాగో వేశాను. పటేల్ ఒళ్లు తిప్పి, జీవితంలో మొదటిసారి, ఎడమవైపు కొట్టాడు. బంతి గాల్లో లేచి నేరుగా బావిలో పడింది. లోపల గుబుక్కుమంది.

నావైపు చూశాడు. రూలు రూలే. వేలెత్తాను. బ్యాట్ చంకలో పెట్టుకుని, తల వంచుకుని నడిచాడు.

పాత అలవాటు కొద్దీ నోరు జారాను. “కొట్టినోడే దిగి తేవాలె పటేలా.”

ఆగి, గట్టుదాకా వెళ్లి లోపలికి చూశాడు. కళ్లు తుడుచుకున్నాడు.

“ఉండనియ్యి సేటూ. గిన్నేండ్లు అన్నీ మీవే పడ్డయ్. నా బాయిల నాదొక్కటన్న ఉండనియ్యి” అని, లారీ డ్రైవరుకు తనే చెయ్యి ఊపాడు.