సున్నపుబట్టీల పేట అభ్యంతరం

ఈ సంగతి ఇన్నేళ్ళుగా లోపలే పెట్టుకుని తిరిగాను. ఇంట్లో చెప్పలేదు. పక్కబల్ల దగ్గర కూర్చుని నాతోపాటు ముసలివాళ్ళయిన వాళ్ళకూ చెప్పలేదు. చాలాసార్లు నోటిదాకా వచ్చింది, మింగేశాను. ఇక మింగే ఓపిక లేదు. మీరెవరో నాకు తెలియదు కాబట్టి మీకు చెబుతున్నాను. ఊరి పేరు మాత్రం అడగకండి. కడపకీ కర్నూలుకీ మధ్య రైలు ఆగే చిన్న పట్టణం అనుకోండి, చాలు.

కర్నూల్లో రాజధాని ఉండిన రోజులవి. సర్కారు ఆఫీసులు కొన్ని డేరాల్లోనే నడిచేవి. మా మునిసిపాలిటీలో నేను ప్లానింగు గుమాస్తాను. పేరుకే గుమాస్తా. పటం గీసేది నేను, గొలుసు పట్టుకుని కొలిచేవాళ్ళ వెంట ఎండలో తిరిగేది నేను, మా ఊళ్ళో ప్రణాళిక పనులు ఇలా సాగుతున్నాయని ఆర్నెల్లకోసారి కర్నూలుకు నివేదిక రాసేదీ నేనే. కమిషనరు సంతకం పెట్టేవాడు. ఇంత చేసినా నా ఉద్యోగం టెంపరరీ.

ఆ నివేదికలో అన్నీ చెప్పాలి. ఏ వీధి వెడల్పు చేయదలిచారు, కొత్త రోడ్డు ఎటునుంచి ఎటు వేయదలిచారు, ఆ సంగతి జనానికి ఎలా తెలియజేశారు, ఎవరైనా అభ్యంతరం చెప్పారా, చెబితే దాన్ని ఏం చేశారు. పైవాళ్ళు మా ఊరి ముఖం చూసినవాళ్ళు కారు. వాళ్ళకు మా ఊరంటే మేం పంపిన కాగితమే. అందుకని మాకందరికీ ఊరికన్నా కాగితం మీదే శ్రద్ధ ఎక్కువ.

జనానికి తెలియజేయడమంటే మా దగ్గర దండోరా. తప్పెట కొట్టేది యాకోబు. సున్నపుబట్టీల పేట మనిషి. ఊరి చివర రాయి కాల్చి సున్నం చేసే బట్టీలుండేవి, వాటి పక్కనే ఆ పేట. అందరూ కిరస్తానీలు. బేతంచెర్ల బండలు పరిచిన కప్పుతో చిన్న చర్చి ఒకటి కట్టుకున్నారు. మగవాళ్ళూ ఆడవాళ్ళూ బట్టీల్లో పనిచేసేవాళ్ళు. యాకోబు కూడా బట్టీ పనివాడే, దండోరా ఉన్నప్పుడు మాత్రం మేం పిలిపించేవాళ్ళం. చదువు లేదు. ఏం చెప్పాలో నేను నోటితో చెబితే ఒక్క ముక్క తప్పకుండా ఊరంతా చెప్పి వచ్చేవాడు.

ఇక్కడ మీకొకటి తెలియాలి. తప్పెట అన్ని వీధుల్లోనూ మోగేది గానీ, తప్పెట కొట్టేవాడి పేటలో మోగేది కాదు. ఎవరూ వద్దనలేదు. ఎప్పట్నుంచో అంతే. ఆఫీసు ముందు మొదలుపెట్టి, బజారు, కోటవీధి, సాలెవీధి తిరిగి, చివరికి తప్పెట భుజాన వేసుకుని ఇంటికి పోయేవాడు. సొంత పేటవాళ్ళకు వాడే చెప్పుకుంటాడులే అని మా ధీమా. చెప్పుకోవడానికి వాడికి తెలిసుండాలి గదా అన్న ఆలోచన మాలో ఒక్కడికీ రాలేదు.

ఆసారి దండోరా మాట నేనే చెప్పి పంపాను. స్టేషను నుంచి ప్రయాణికుల బంగళా దాకా కొత్త రోడ్డు పడుతుంది, అభ్యంతరమున్నవాళ్ళు నెల లోపల ఆఫీసుకొచ్చి చెప్పుకోవాలి, ఇదీ మాట. ఆ రోడ్డు సున్నపుబట్టీల పేట మీదుగా పోతుందని చెప్పలేదు. దాచాలని కాదు. పటంలో ఆ చోటుకు నేను ఇళ్ళున్నట్టు రంగే వేయలేదు. పాత పటంలో పోరంబోకు అని ఉంది, నేనూ ఖాళీగానే వదిలేశాను. రోజూ ఆ పేట పొగ పీలుస్తూ ఆఫీసుకు నడిచినవాణ్ణి. ఖాళీ అని ఎలా గీయగలిగాను? యాకోబు మాత్రం తన ఇల్లు పోయే కబురును తనకు తెలియకుండానే ఊరంతా గొంతెత్తి చెప్పి వచ్చాడు.

నెల గడిచింది. ఎవరూ రాలేదు. అన్ని వీధుల్లోనూ దండోరా వేయించాం, అభ్యంతరాలు నిల్ అని నివేదిక రాసి, టైపు చేయించి, పటం చుట్టి పెట్టాను. మర్నాడు అవి కర్నూలుకు పోవాలి. ఆ మధ్యాహ్నమే యాకోబు వచ్చాడు. ముందురోజు మావాళ్ళు పేటలో రోడ్డు హద్దుకు గుంజలు పాతారు. అవి చూసి వచ్చాడు. చొక్కా మీద సున్నం అలాగే ఉంది, బట్టీ దగ్గర్నుంచి నేరుగా వచ్చినట్టున్నాడు. గడప బయటే నిలబడ్డాడు. నేనూ లోపలికి రమ్మనలేదు.

"సామీ, ఆ కొత్త రోడ్డు మా ఇండ్ల మీదనా పొయ్యేది?"

"అవునప్పా."

"తప్పెట కొట్టింది నేనే గదా సామీ. నాకే తెల్దే."

నేను చుట్టి పెట్టిన పటాన్ని బల్ల మీద ఇంకో పక్కకు జరిపాను.

"మా పేటోల్లకు ఇష్టం లేదని రాయండి సామీ. యాడికి పోవల్ల మేము? బట్టీలు ఈడుండాయి, చర్చి ఈడుండాది. మా నాయన్ను పూడ్చింది గూడా ఈడనే."

"గడువు దాటిపాయ గదప్పా."

"మీరు రాస్తే అయితాది. రాసేది మీ చేతిలోనే ఉండాది."

"రాస్తాలే. పో."

దండం పెట్టాడు. శానా మేలు చేసినారు సామీ అని వెళ్ళిపోయాడు. నేను రాయలేదు.

ఎందుకు రాయలేదు? ఎన్నో సంజాయిషీలు చెప్పుకున్నాను. కమిషనరు తొందరపెట్టాడని, గడువు దాటాక వచ్చిందని, నా ఒక్కడి రాతతో రోడ్డు ఆగదని. అన్నీ ఉత్త మాటలు. అసలు సంగతి ఇది. ఆ అభ్యంతరం రాస్తే, ఇంత ఆలస్యంగా ఎందుకొచ్చిందని పైనుంచి అడుగుతారు. పేటలో దండోరా పడలేదని బయటపడుతుంది. అన్ని వీధుల్లోనూ వేయించామని రాసింది నేను. పర్మనెంటు చేయమని కమిషనరు ఆ నెలలోనే నా పేరు పంపుతానన్నాడు. ఇంతే. వాళ్ళ ఇళ్ళు ఒకవైపు, నా ఉద్యోగం ఒకవైపు అని కూర్చుని బేరీజు వేసుకున్నానా అంటే అదీ లేదు. అలా వేసుకున్నా కొంత నయం, చేసే పని తెలిసి చేసినట్టుండేది. టీ తెప్పించుకుని తాగాను. కాగితాలు కవరులో పెట్టి అంటించాను.

తర్వాత కర్నూలు నుంచి ఒక అధికారి చోటు చూడడానికి వచ్చాడు. నాకు ఇంకో అవకాశం దొరికింది. పేటవాళ్ళు గుంపుగా వచ్చి ఆయన కాళ్ళ మీద పడదామనుకున్నారట. వాళ్ళను ఆపింది యాకోబు. అయ్య కాగితంలో రాసినాడు, ఇప్పుడు మనం అరిస్తే ఆ రాసింది గూడా చెడుతుంది, ఊరకుండండప్పా అని ఇంటింటికీ పోయి చెప్పాడట. అందరూ చర్చి గోడ పక్కన కిక్కురుమనకుండా నిలబడ్డారు. అధికారి వాళ్ళకేసి చూసి, వీళ్ళకేమీ అభ్యంతరం లేదా అని నన్ను ఇంగ్లీషులో అడిగాడు. లేదు సార్ అని నేనూ ఇంగ్లీషులోనే అన్నాను. ఇంగ్లీషు రాని యాకోబు, నేను వాళ్ళ మాటే ఆయనకు చెబుతున్నాననుకుని నా వైపు చూసి తల ఊపాడు.

రోడ్డు మంజూరైంది. చిన్న పట్టణాలు నివేదిక పంపితే ఇలా పంపాలని పైనుంచి మెచ్చుకుంటూ ఉత్తరం కూడా వచ్చింది. నా ఉద్యోగం పర్మనెంటు అయింది. పేటవాళ్ళకు వానలొస్తేనే పారే వంక అవతల చోటు చూపించారు. చర్చి కప్పు బండల్ని వాళ్ళే ఒక్కొక్కటీ దించి ఎద్దులబండి మీద తోలుకుపోయారు. సమాధుల్ని ఎక్కడికి తోలుకుపోతారు? వాటి మీద కంకర పడింది.

అక్కడితో అయిపోయినా, అందరిలాగే నేనూ సర్కారు పని అనుకుని మరిచిపోయేవాణ్ణేమో. పేటవాళ్ళ కోపం మా మీదికి రాలేదు. యాకోబు మీదికి పోయింది. తప్పెట కొట్టినవాడికి తెలియకుండా ఎలా ఉంటుంది? తెలిసే దాచాడు, ఆఫీసువాళ్ళతో కుమ్మక్కయ్యాడు, అధికారి వచ్చిన రోజు మన నోళ్ళు కూడా మూయించాడు. ఇదీ వాళ్ళ లెక్క. తప్పు పట్టడానికి లేదు, చూసేవాళ్ళకు అలాగే ఉంటుంది. అయ్యకు చెప్పానని, అయ్య రాశాడని అతను మొత్తుకుంటే ఎవరూ నమ్మలేదు. కొత్త పేటలో అతని పక్కన ఇల్లు కట్టుకోవడానికి ఎవరూ ఒప్పుకోలేదు. చర్చిలో అతను కూర్చున్న వరుస ఖాళీ అయ్యేదట. కొన్నాళ్ళు ఓర్చుకుని, పెళ్ళాన్ని తీసుకుని ఊరు వదిలి పోయాడు.

రాజధాని హైదరాబాదుకు పోయిన తర్వాత, ఆఫీసు వరండాకు బండలు చూసి రమ్మని నన్ను బేతంచెర్ల పంపారు. స్టేషను దగ్గర లారీకి బండలెత్తేవాళ్ళలో యాకోబు కనబడ్డాడు. నేను మొహం తిప్పుకున్నాను. అతనే గుర్తుపట్టి దగ్గరికొచ్చాడు. బాగుండారా సామీ అని అడిగాడు. నా మీద కోపమన్నదే లేదు. మీరు రాసినా పైవోళ్ళు ఇనకపోతే మీరేం జేస్తారు అని నాకే సర్దిచెప్పాడు. తర్వాత ఒక్కటే అడిగాడు.

"సామీ, మా పేటోల్లకు ఒక మాట చెప్తారా? యాకోబు వచ్చి చెప్పినాడు, నేను రాసినా అని. మీరు చెప్తే ఇంటారు. మా అమ్మ ఆడనే ఉండాది. నాతో మాట్లాడదు."

నేను అతని కళ్ళలోకి చూశాను. ఇంకే అబద్ధమైనా పరధ్యానంలో చెప్పానని అనుకోవచ్చు, ఇది మాత్రం చూస్తూ చెప్పాను. రాసినా గదప్పా, చెప్తాలే అన్నాను.

చెప్పలేదు. వంక దాటడానికి ఎంతసేపు పడుతుంది? ఒకసారి కొత్త చర్చి దాకా పోయాను కూడా. వాకిట్లో ఆడవాళ్ళు జొన్నలు చెరుగుతున్నారు. ఎవరు గావాలప్పా అని అడిగారు. దారి తప్పినానమ్మా అని తిరిగొచ్చాను. యాకోబు అప్పుడు ఆఫీసుకు వచ్చాడని చెబితే, మరి ఆ రాసిన కాగితం ఏదీ అని ఎవరో ఒకరు అడుగుతారు. ఆ ఒక్క ప్రశ్నకు భయపడి ఒక తల్లిని కొడుకుతో మాట్లాడకుండా చేశాను. ఆమె అలాగే పోయింది. ఆమెను పూడ్చే రోజు బేతంచెర్ల నుంచి అతను మట్టికి వచ్చాడని, దూరంగా నిలబడి పోయాడని మా జవాను చెప్పాడు. నేను ఊఁ అని పనిలో పడ్డాను.

ఇప్పుడు యాకోబు ఉన్నాడో లేడో తెలియదు. కనుక్కోలేదు. ఉంటే అతని ముందు నిలబడే ధైర్యం నాకు లేదు, లేడని వింటే హాయిగా ఉంటుందేమోనని ఇంకో భయం. నన్ను క్షమించమని మిమ్మల్ని అడగడం లేదు. అది మీ చేతిలో లేదు.

ఇందులో యాకోబు పేరు మార్చలేదు. పేట పేరూ మార్చలేదు. ఆ పేట పిల్లలు ఇప్పుడు చదువుకున్నారని విన్నాను. వాళ్ళలో ఎవరికైనా ఇది కంటబడితే ఇంట్లో పెద్దవాళ్ళకు చదివి వినిపించండి. యాకోబు వచ్చాడు. మీ అందరి తరఫునా వద్దని చెప్పాడు. అతను మిమ్మల్ని మోసం చేయలేదు. రాస్తానని రాయనివాణ్ణి నేను.