డిమ్నా నీళ్ల మీద మా బావ

ఫిబ్రవరి ఆఖరి వారంలో ఒక పొద్దున మా మేనకోడలు గౌరి జంషెడ్‌పూర్ నుంచి ఫోన్ చేసింది. "మావయ్యా, నువ్వొకసారి రా. పాపా మా మాట సున్తే నహీ. నువ్వు సెప్తే వింటాడు" అంది. మా అక్క పోయిన ఈ నాలుగేళ్లలో ఆ పిల్ల నన్ను ఏదీ అడగలేదు. అడిగింది ఇదొక్కటే. వాళ్ల నాన్న చేత డిమ్నా జలాశయం మాన్పించాలి.

మా బావ సింహాచలం టాటానగర్ డీజిల్ షెడ్‌లో ఫిట్టరుగా చేసి రిటైరయ్యాడు. ముప్ఫయ్యేళ్ల కిందట డిమ్నా దగ్గర తెరచాపల క్లబ్బు వాళ్ల మోటారు బోటు మొరాయిస్తే ఎవరో ఈయన్ని తీసుకెళ్లారు. ఇంజన్ బాగుచేసి, డబ్బు వద్దని, ఆ బోర్డు మీద నన్నోసారి నిలబెట్టండి చాలు అన్నాడట. మనిషి కంటే పొడవైన బోర్డు, దాని మధ్యలో తెరచాప. తెరచాపకున్న అడ్డకమ్మీ రెండు చేతులా పట్టుకుని, గాలిని బట్టి ఒళ్లు వాల్చుకుంటూ నీళ్ల మీద పోవాలి. మూడు నెలలు ప్రతి ఆదివారమూ పడ్డాడు. నాలుగో నెలలో నిలబడ్డాడు. "రైలింజన్లు బాగుసేసీవోడికి ఈ కోతిగంతులేటి" అని తిడుతూనే మా అక్క ఆదివారం ఆదివారం కేరియరు కట్టేది.

ఇప్పుడాయనకు అరవై ఏడు. రెండు కళ్లకూ నీటికాసులు. చూపు పక్కల నుంచి మూసుకొస్తోంది. గొట్టంలోంచి చూసినట్టు ఎదురుగా కొంచెం కనబడుతుంది, అంతే. పోయిన చూపు తిరిగి రాదు, ఉన్నది నిలబెట్టుకోవడానికే ఈ చుక్కలు అని డాక్టరు చెప్పేశాడు. పక్కనుంచి వచ్చే ఇంకో బోర్డు కనబడని మనిషి నీళ్ల మీదికెళ్లడం ఏమిటని గౌరి ఏడుపు. ఆ ఏడుపులో న్యాయముంది. కానీ అక్క పోయాక ఆయనకు మిగిలింది ఆ ఒక్క ఆదివారమేనని నాకూ తెలుసు. పిల్లి మెడలో గంట కట్టే పని చివరికి నా నెత్తిన పడింది.

నేను బస్సు డిపోలో ముప్ఫై మూడేళ్లు కంట్రోలరుగా చేసినవాణ్ణి. ఏ బండి ఆలస్యమైనా నాకు ఒళ్లు మండుతుంది. శుక్రవారం సాయంత్రం నాలుగుంబావుకు పార్వతీపురం రావలసిన టాటా రైలు తీరుబడిగా ఐదూ ఇరవైకి వచ్చింది. స్లీపరులో కింది బెర్తు దొరికింది. రాయగడలో ఇడ్లీ పొట్లం కొన్నాను. చట్నీలో ఉప్పు తప్ప ఇంకేమీ లేదు, ఆ దారిన వెళ్లేవాళ్లు ఇంటి దగ్గరే పులిహోర కట్టించుకోవడం మేలు. ఎదురు బెర్తులో పాలకొండ వైపు మనిషి, టాటాలో కాంట్రాక్టు వెల్డరట.

"టాటాలో ఏటి పనండి?" అని అడిగాడు.

"మా బావను నీళ్లలోంచి బయటికి తీసుకురావాలి."

"అయ్యో, పడిపోనారేటండి?"

"లేదు. నిలబడే ఉన్నాడు. అదే గొడవ."

నా వైపు ఓసారి ఎగాదిగా చూసి, పై బెర్తు ఎక్కి పడుకున్నాడు.

రూర్కెలాలో తెల్లవారింది. అక్కడి నుంచి అడవి. కిటికీ దగ్గర కూర్చుని బావతో ఏం మాట్లాడాలో మూడు రకాలుగా తయారు చేసుకున్నాను. మొదటిది ఆరోగ్యం సంగతి. రెండోది అక్క పేరు చెప్పి అడగడం. రెండూ పారకపోతే మూడోది గట్టిగా కేకలెయ్యడం. చక్రధర్‌పూర్‌లో టీ తాగేసరికి మూడూ కంఠతా వచ్చేశాయి.

శనివారం ఎనిమిదింటికి టాటానగర్‌లో దిగాను. ప్లాట్‌ఫాం మీద గౌరి భుజం పట్టుకుని బావ నిలబడి ఉన్నాడు. నా గొంతు విని చెయ్యి చాచి, నా జబ్బ తడిమి, "బక్కసిక్కీసినావేటిరా" అన్నాడు. బాగ్‌బేరాలో వాళ్లిల్లు స్టేషనుకు దగ్గరే. ఇంట్లో ఏ వస్తువూ చోటు మారకుండా గౌరి సర్దిపెట్టింది. బావ తనే టీ పోసి ఇచ్చాడు. గ్లాసు అంచున వేలు పెట్టుకుని, వేలికి వేడి తగిలేదాకా పోసి ఆపాడు. ఒక్క చుక్క కిందపడలేదు. అది చూశాక ఆ రోజు నేను నోరు విప్పలేకపోయాను.

ఆదివారం పదకొండింటికి బయల్దేరాం. వెళ్లాలనుకునేవాళ్ల కోసం దారి చెబుతున్నాను. స్టేషను దగ్గర షేర్ ఆటో ఎక్కి సాక్చీలో దిగాలి. జుగ్సలాయిలో గోదాముల ముందు లారీలు సరుకు దించుతుంటే పావుగంట ఆగక తప్పదు. సాక్చీలో ఆటో మారి, మాంగో వంతెన దాటి డిమ్నా చౌక్ వెళ్లాలి. అక్కడి నుంచి జలాశయానికి విడిగా ఆటో మాట్లాడుకోవాలి. తిరుగు ప్రయాణానికీ అప్పుడే మాట్లాడుకోండి, సాయంత్రం అక్కడ ఏమీ దొరకవు. మేం ఒంటిగంటకు పది నిమిషాల ముందు చేరాం. ముందు నీళ్లు, వాటి వెనక దల్మా కొండ, గట్టు పొడుగునా మోదుగ చెట్లు పూతకొచ్చి ఎర్రగా ఉన్నాయి. వాటిని బావకు చూపించబోయి ఆగిపోయాను.

క్లబ్బంటే ఏదో గొప్పవాళ్ల వ్యవహారమనుకున్నాను. రేకుల షెడ్డు, పది బోర్డులు, ఒక పొయ్యి, ఒక పొడుగు బెంచీ, గంటకు బదులు వేలాడదీసిన రైలు పట్టా ముక్క. పట్టా ముక్క బావ తెచ్చిందే. వచ్చేవాళ్లు ఫ్యాక్టరీ పనివాళ్లు, ఒక బడి పంతులు, ఒకరిద్దరు రైల్వేవాళ్లు. "సింహాదా ఆ గయే!" అంటూ, సింహాచలం అన్న వచ్చేశాడని అందరూ లేచారు. నన్ను కూర్చోబెట్టి కిచిడీ పెట్టారు. వద్దంటే వినలేదు, రెండోసారీ వడ్డించారు. పొయ్యి దగ్గర ఉన్నావిడ రిటైరైన నర్సు, బెంగాలీ, అందరూ దీదీ అనే పిలుస్తారు.

రెండింటికి గాలి లేచింది. బావ లైఫ్ జాకెట్ వేసుకుని, తెరచాప కుట్లన్నీ వేళ్లతో తడిమి, నీళ్లలోకి నడిచాడు. ఎక్కడం, తెరచాప లేపడం, పోవడం ఒక్క ఊపులో అయిపోయాయి. ఇంట్లో గోడ పట్టుకు నడిచే మనిషి ఈయనేనా అనిపించింది.

కాసేపటికి ఒకటి గమనించాను. బావ పక్కన ఎప్పుడూ ఇంకో బోర్డు ఉంటోంది. దాని మీద మనిషి ఊరుకోకుండా అరుస్తూ ఏదో అడుగుతున్నాడు. "సింహాదా, మఛ్‌లీ కే ఝోల్ మే ఇమ్లీ కిత్నా?" చేపల పులుసుకు చింతపండు ఎంత అని. బావ గట్టిగా జవాబిస్తున్నాడు. పావుగంటకు ఆ మనిషి తప్పుకుంటే ఇంకొకడు వచ్చాడు. మళ్లీ పులుసే.

"ఏమిటిది దీదీ?" అని నాకొచ్చిన హిందీలో అడిగాను.

ఆవిడ షెడ్డు గోడ చూపించింది. సుద్దతో ఎ షిఫ్టు, బి షిఫ్టు, సి షిఫ్టు అని గీతలు, ఒక్కోదాని కింద పేర్లు. ఊరంతా షిఫ్టుల మీదే బతుకుతుంది, వీళ్లకు ఇంకో పద్ధతి తోచలేదు. ఏడాదిగా బావ పక్కన వంతులవారీగా డ్యూటీ చేస్తున్నారట. మాట వినబడితే పక్క బోర్డు ఎటుందో, ఒడ్డు ఎటుందో ఆయనకు తెలుస్తుంది. "ఆయనకు మాత్రం చెప్పకండి. మనసు కష్టపెట్టుకుంటాడు" అందావిడ.

మూడింటికి బావ ఒడ్డుకొచ్చి, తల తుడుచుకుంటూ బెంచీ మీద నా పక్కన కూర్చున్నాడు. ఇప్పుడు కాకపోతే ఇంకెప్పుడూ కాదని మొదలుపెట్టాను.

"బావా, మన గౌరి..."

"గౌరి పంపినాది. తెల్సు. నువ్వాగు, నాను సెప్తాను." తువ్వాలు మెడకు చుట్టుకున్నాడు. "ముప్పయ్యేళ్లు ఈళ్లతో తిరిగినానురా. ఒక్కలూ నన్ను సింతపండు సంగతి అడగనేదు. ఏడాది నుంచి నీల్ల మద్దిలో అందరికీ పులుసే గావాలి. నాకు తెల్దేటి?"

నేను షెడ్డు గోడ మీది సుద్ద గీతల వైపు చూశాను.

"ఇక్కడ మంచి గాలి రెండింటికొస్తాది, నాలుగున్నరకి ఎల్పోద్ది. ఆరు దినాలు డూటీ సేసి ఆ రెండున్నర గంటల కోసం వత్తారు. అందులో నా పక్కన కావలి. ఎవల్నో గుద్దీసి సస్తానని కాదురా. ఆల గాలి నాను తినెత్తన్నాను. ఇది బాగోనేదు. ఈ దినంతో ఆపెత్తాను."

రైల్లో కంఠతా పట్టిన మూడు ప్రసంగాలూ ఎటు పోయాయో తెలియదు. ఆయన్ని మాన్పించడానికి ఇంత దూరం వచ్చిన నేను, "ఇంకో నెల చూడు బావా, వేసవి దాకా కానియ్యి" అని బతిమాలాను. ఆ మాట నా నోట్లోంచే వచ్చిందా అని నాకే ఆశ్చర్యమేసింది.

బావ నవ్వాడు. "కంట్రోలరువి గదరా. దీపాల్లేని బండిని డిపో దాటనిత్తావేటి?"

తర్వాత దీదీని పిలిచి, హిందీలో ఒకటే అడిగాడు. పది నిమిషాలు నీళ్లు ఖాళీ చేయించాలి. పక్కన ఎవరూ ఉండకూడదు. ఎవరూ పిలవకూడదు. దీదీ ఆయన ముఖం వైపు చాలాసేపు చూసి, లేచి వెళ్లి పట్టా ముక్క మీద గట్టిగా కొట్టింది. మూడూ ఇరవై అయింది. ఆ రోజుకల్లా మంచి గాలి అప్పుడే. తొమ్మిది బోర్డులూ ఒక్కొక్కటే ఒడ్డుకొచ్చి తెరచాపలు దించేశాయి. ఎందుకని ఒక్కరూ అడగలేదు. మోటారు బోటు నడిపే లఖన్ మాత్రం ఇంజన్ ఆపుకుని నీళ్లలో ఓ పక్కన నిలిచాడు.

బావ ఒక్కడూ వెళ్లాడు. గాలి ఏ చెంపకు తగులుతోందో చూసుకుంటూ తల కొద్దిగా తిప్పుతున్నాడు, అంతే. కొండ వైపు దూరంగా పోయాడు. తెరచాప చిన్నదైపోయింది. తిరుగుతాడా అని భయమేసింది. తిరిగాడు. ఒళ్లంతా వెనక్కి వాల్చి, నీళ్లు చిమ్ముకుంటూ వస్తున్నాడు. అంత అందంగా మా బావను నేనెప్పుడూ చూడలేదు, అక్క ఒక్కసారైనా వచ్చి చూడలేదే అని ఏడుపొచ్చింది.

కానీ దిగాల్సిన చోటుకు నలభై అడుగులు అవతల, తుంగలోకి పోయి ఆగిపోయాడు. నడుం లోతు నీళ్లలో దిగి, బోర్డు పట్టుకుని, ఒడ్డు ఎటో తెలియక నిలబడ్డాడు. అందరం చూస్తూనే ఉన్నాం. పిలవొద్దన్నాడని ఎవరూ కదల్లేదు. అప్పుడు దీదీ కొంగుతో ముఖం తుడుచుకుని, నోటికి చేతులడ్డం పెట్టుకుని అరిచింది.

"సింహాదా! ఇమ్లీ కిత్నా?"

ఒక్క క్షణం ఏమీ వినబడలేదు. తర్వాత తుంగలోంచి, "నింబూ జిత్నా, దీదీ! కిత్నీ బార్ బతావూ!" అని బావ గొంతు. నిమ్మకాయంత, ఎన్నిసార్లు చెప్పాలి అని. దీదీ మళ్లీ అడిగింది. మళ్లీ చెప్పాడు. అలా అడుగుతూ చెబుతూ, ఆవిడ మాట పట్టుకుని, బోర్డు లాక్కుంటూ నడిచి వచ్చాడు. కొందరు నవ్వుతున్నారు. లఖన్ తల వంచుకుని ఇంజన్ కేసి చూస్తున్నాడు. నేను షెడ్డు వెనక్కి వెళ్లి కళ్లు తుడుచుకున్నాను.

నాకు తిరుగు టిక్కెట్టు మళ్లీ ఆదివారానికే దొరికింది. ఆ వారమంతా గౌరి నాకు కోడికూరతో రాజభోగం చేసింది. "థాంక్యూ మావయ్యా, నువ్వు సెప్తేనే విన్నాడు" అంది నాలుగైదుసార్లు. నేను చెప్పింది మానమని కాదని దానికి చెప్పలేదు. బావ వేళకు చుక్కలు వేయించుకున్నాడు, వేళకు తిన్నాడు, డాబా మీద కుర్చీ వేసుకుని కూర్చున్నాడు.

ఆదివారం పొద్దున ఆరూ ఐదుకు బండి, ఈసారి వేళకే కదిలింది. ఝార్సుగూడలో సమోసాలు వేడిగా ఉన్నాయి. కిటికీ దగ్గర కూర్చుని ఆలోచించాను. డిమ్నా చూడదగ్గ చోటు. శీతాకాలం చివర, ఆదివారం, రెండింటిలోపు వెళ్లండి. మంచి మనుషులు, ఎవరు మీరని అడక్కుండా అన్నం పెడతారు, ఇష్టపడితే బోర్డు కూడా ఎక్కిస్తారు. నేను మాత్రం మళ్లీ వెళ్లగలనో లేదో. ఒక మనిషిని క్షేమంగా ఒడ్డున దించి వచ్చానని అందరూ మెచ్చుకుంటున్నారు. నాకేమో ఆయన చేతిలోది లాక్కుని వస్తున్నట్టుంది.

బొలంగీర్ దాటాక ఫోన్ మోగింది. బావ.

"ఏడ వరకూ ఎల్లినావురా?"

"తిత్లాగఢ్ వస్తోంది బావా. ఏం చేస్తున్నావు?"

"డాబా మీదున్నాను. గాలి అద్దిరిపోతంది. గౌరి ఆరేసిన సీరలు ఆగట్లేదు."

టైము చూసుకున్నాను. రెండూ పది. "క్లబ్బు వాళ్లెవరైనా ఫోన్ చేశారా?" అని అడిగాను.

"నేదు. ఒక్కలూ సెయ్యనేదు." మళ్లీ తనే, "ఇంత గాలుంటే ఎవలు సేత్తార్రా? అందరూ నీల్ల మీదుంటారు. మంచిదే గదా" అన్నాడు.

"మంచిదే బావా" అన్నాను.

ఆయన ఫోన్ పెట్టలేదు, నేనూ పెట్టలేదు. సిగ్నల్ పోయేదాకా బాగ్‌బేరా డాబా మీది గాలి ఫోన్లో హోరున వినబడుతూనే ఉంది.