రుక్మాబాయికి అన్నీ రోగాలే

బోధన్‌లో రుక్మాబాయికి రాని రోగం లేదు. అరవై దాటినా మనిషి గట్టిపిండం. చెరకు ట్రాలీ మీది నుంచి ఎవరి చేయీ పట్టుకోకుండా దిగుతుంది. అయినా లోకంలో ఎవరికి ఏ బాధ రావాలన్నా ముందు ఆమెకే వచ్చేది. వచ్చాక దాచుకునే అలవాటు లేదు. నలుగురిలో నిలబడి, అడగాల్సిన వాళ్లనూ అడగకూడని వాళ్లనూ గొంతెత్తి అడిగేసేది.

ఈ సంగతి కోడలు రోజాకు పెళ్లయిన కొత్తలోనే మందుల దుకాణంలో తెలిసివచ్చింది.

"మొటిమలకు మంచి మందియ్యి" అంది రుక్మాబాయి, గల్లా మీద మోచేతులు ఆనించి.

"ఎవరికవ్వా?"

"నాకే."

దుకాణదారు ఆ ముఖాన్ని పరీక్షగా చూశాడు. ముడతలున్నాయి, రూపాయి బిళ్లంత బొట్టుంది. మొటిమ మాత్రం భూతద్దం పెట్టి వెతికినా లేదు.

"ఎక్కడున్నయవ్వా?"

"ఎక్కడుంటే నీకెందుకయ్యా? మందు పొద్దుగాల రాసుకోవాల్నా, పండుకునేటప్పుడా? గది చెప్పు. మచ్చలు పడితే పెండ్లి కుదురుతదా?"

రోజా కొంగు ముఖానికి అడ్డం పెట్టుకుని బయటికి నడిచింది.

ఆ తర్వాత ఒకటా రెండా! మణికట్టంత లావు జడ వీపు మీద వేలాడుతుండగా "నడినెత్తిన బట్టతలొస్తున్నది, నూనె ఏదన్నున్నదా?" అని నిజామాబాద్‌లో ఆయుర్వేదం దుకాణం వాణ్ణి నిలదీసింది. ఇంకోసారి నర్సింగ్ కాలేజీకి వెళ్లి, ఇంటర్ తప్పినవాళ్లకు ఏదైనా కోర్సు ఉందా అని అడిగింది.

"ఎవరు తప్పిండ్రవ్వా?" అన్నాడు గుమాస్తా.

"నేనే. ఫిజిక్స్ పోయింది."

"ఎప్పుడు?"

"మొన్న మార్చిల."

గుమాస్తా నవ్వాపుకోలేక లోపలికి పోయి, మళ్లీ వచ్చి, పాపం వివరాలన్నీ చెప్పాడు. రుక్మాబాయి బడిపిల్లలా వింటూ తలూపింది. రోజాకు మాత్రం భూమి చీలితే బాగుండనిపించింది. ఇంటికొచ్చి భర్త భూమేష్‌తో మొరపెట్టుకుంది.

"మా అవ్వ గంతే" అన్నాడు భూమేష్. చిన్నప్పటి నుంచి తల్లి వెంట తిరిగి సిగ్గుపడే శక్తి అతనిలో ఎప్పుడో అయిపోయింది.

రోజా అత్తగారికి పూర్తిగా వ్యతిరేకం. ఏదైనా అడగాలంటే ఆమెకు ప్రాణం మీదికి వచ్చినట్టుంటుంది. దిగాల్సిన చోట బస్సు ఆగకపోతే "ఆపండి" అనలేక, తర్వాతి స్టాపులో దిగి వెనక్కి నడిచి వస్తుంది. కానీ మైదానంలోకి దిగితే ఆ పిల్ల ఈ పిల్లేనా అనిపిస్తుంది. జిల్లా జట్టుకు కబడ్డీ ఆడింది. బోధన్‌లోనే ఒక బడిలో ఆటల టీచరు. ఆమె కూతకు వెళ్తే అవతలి జట్టు ఆడపిల్లలు దేవుణ్ణి తలుచుకునేవారు.

కొడుకు చిన్ను పుట్టాక రుక్మాబాయి కోడల్ని గడప దాటనివ్వలేదు. చెవుల్లో దూది, తలకు గుడ్డ, పొట్టకు పాత నూలుచీర కట్టు, అన్నీ అయ్యాయి. బాలింతతనం ముగిసి రోజా బడికి వెళ్లగానే పిల్లలు చుట్టుముట్టారు. "మేడం, మీరొక్కసారి తాడాట ఆడున్రి!" అంటూ తాడు చేతికిచ్చారు. రోజా హుషారుగా గెంతింది. గెంతిన మరుక్షణమే ఆగిపోయింది. బట్టలు తడిశాయి. చున్నీ నడుముకు చుట్టుకుని, కడుపునొప్పి అని చెప్పి ఇంటికొచ్చేసింది.

ఆనాటి నుంచి రోజా కుర్చీలో కూర్చుని విజిల్ ఊదే టీచరయింది. నీళ్లు తాగడం తగ్గించింది. నల్ల సల్వార్లే వేసుకునేది. తుమ్ము వస్తున్నట్టుంటే ఎక్కడున్నా టక్కున కాళ్లు పెనవేసుకుని నిలబడేది. ఎవరినడగాలి? ఏమని అడగాలి? ఎండకాలం సెలవులకు బడి మూసేలోగా ఉద్యోగం మానేస్తానని హెడ్ మాస్టరుతో చెప్పేయాలని నిర్ణయించుకుంది. భూమేష్‌తో "పోరడు చిన్నగున్నడు గదా, ఇంట్లనే ఉంట" అంది. మైదానం లేని బతుకు ఊహించుకోలేకపోయేది, అయినా నోరు పెగిలేది కాదు.

అంతలో ముప్కాల్ నుంచి రుక్మాబాయి తమ్ముడు కొత్త పసుపు కొమ్ములు పంపించాడు. అత్తాకోడళ్లు దంచిన పసుపు జల్లిస్తుంటే ఆ ఘాటుకు రోజాకు తుమ్ములు పట్టుకున్నాయి. లేచి గోడ పట్టుకుంది, కాళ్లు పెనవేసింది, కళ్లు గట్టిగా మూసుకుంది. రుక్మాబాయి చేతిలో జల్లెడ ఆగిపోయింది. కోడల్ని కాళ్ల నుంచి తల దాకా చూసి "ఈసారి పసుపు మంచి ఘాటున్నది" అని మాత్రం అంది.

మధ్యాహ్నం అన్నం దగ్గర బాంబు పేల్చింది.

"అరేయ్ భూమేష్, నాకు తుమ్మితే ఉచ్చ పడుతున్నదిరా."

భూమేష్‌కు పొలమారింది. రోజా చేతిలో గరిటె పప్పు గిన్నెలో పడిపోయింది.

"రేపు నిజామాబాద్ పోయి సూపించుకుంట. రోజా, నువ్వు తోడు రావాలె. నాకు డాక్టర్లంటె భయం."

రుక్మాబాయికి భయమా! రోజాకు నమ్మకం కుదరలేదు కానీ, ఈ జబ్బు అత్తగారికీ ఉందని తెలిసి లోలోపల కాస్త ధైర్యం వచ్చింది. ఎలాగూ డాక్టరు చెప్పేది పక్కన కూర్చుని వినొచ్చు.

సర్కారు ఆడవాళ్లకు టికెట్ తీసేసినప్పటి నుంచి నిజామాబాద్ బస్సుల్లో మగవాళ్లకు నిలబడే చోటు దొరికితే గొప్ప. మర్నాడు బస్సు ఊరు దాటగానే రుక్మాబాయి లేచి కడ్డీ పట్టుకుంది.

"అక్కా, చెల్లె, జర ఇనున్రి. నాకు దగ్గినా తుమ్మినా ఉచ్చ పడుతున్నది. మీకెవరికన్న ఉన్నదా?"

కండక్టరు తలుపు వైపు తిరిగి చెరకు తోటలను దీక్షగా చూడసాగాడు. కిటికీ పక్కన బీడీల మూట పెట్టుకున్న ఆమె మెల్లగా "నాక్కూడ" అంది. "నాకు రెండో కాన్పు సంది" అంది ఇంకొకామె. వెనక సీట్లోంచి ఓ ముసలమ్మ "నాకు నవ్వినా గంతేనమ్మా, అందుకే నవ్వుడే బంద్ పెట్టిన" అంది. బస్సు బస్సంతా నవ్వింది, ముసలమ్మతో సహా.

ఆ తర్వాత సలహాలు మొదలయ్యాయి. "నీళ్లు తాగకు" అంది ఒకామె. "పొట్టకు కట్టు ఇంక బిగించు" అంది మరొకామె. "పిల్లలు పుట్టినంక గంతే, ఓర్సుకోవాలె" అని చాలామంది అన్నారు. రుక్మాబాయి అందరి మాటా విని "సరే, డాక్టరమ్మను అడిగి మీకూ చెప్త" అని కూర్చుంది. రోజా ఆశ్చర్యంగా ఆ ముఖాలన్నీ చూస్తుండిపోయింది. ఇంతమందా!

క్లినిక్‌లో ఫిజియోథెరపిస్టు పేరు అఖిల. నెమ్మదైన మనిషి.

"ఈ ఇబ్బంది ఎప్పటి నుంచవ్వా?"

"కాన్పయినప్పటి సంది."

"మీ ఆఖరి బిడ్డకు ఎన్నేండ్లు?"

"ఐదు నెలలు."

అఖిల కలం పక్కన పెట్టింది. రుక్మాబాయిని చూసింది. ఆమె పక్కన చిన్నును ఒళ్లో పెట్టుకుని, కాళ్లు పెనవేసుకుని కూర్చున్న రోజాను చూసింది. నవ్వు పెదవుల దగ్గరే ఆపుకుంది.

"పాలిస్తున్నరా అవ్వా?"

"ఆ, రాత్రిళ్లు గూడ."

"ఆటలేమన్న ఆడుతరా?"

"కబడ్డీ. కూతకు పోతె నన్ను పట్టేటోళ్లు జిల్లాల లేరు. జల్ది బాగుచెయ్యి బిడ్డా, నాకు ఆట లేకుంటె అన్నం దిగదు."

రోజాకు ముందు నవ్వొచ్చింది, వెనకే కళ్లు చెమ్మగిల్లాయి. మొటిమలు, బట్టతల, ఫిజిక్స్ అన్నీ వరసగా కళ్లముందు తిరిగాయి. ఏ ఇంటి ఆడపిల్లకో, ఏ మొహమాటస్తుడికో నోరు లేకపోతే ఈ మనిషి తన నోరు అప్పిచ్చిందన్నమాట!

అఖిల మాత్రం రుక్మాబాయికే చెబుతున్నట్టు చెప్పింది, చూపు రోజా మీద పెట్టి. పొత్తికడుపు కింద కండరాల పట్టీ ఒకటుంటుంది, కాన్పులో అది సాగి బలహీనపడుతుంది, సరైన వ్యాయామంతో చాలామందికి మళ్లీ బలం వస్తుంది. నీళ్లు మానేస్తే మంట పుడుతుంది. కట్టు బిగించేకొద్దీ బరువంతా కిందికే పడుతుంది.

"ఉచ్చా, గాలీ రెండూ ఆపుకున్నట్టు లోపలికి, పైకి బిగించాలె. మళ్లీ పూర్తిగా వదలాలె. ఊపిరి మాత్రం బిగబట్టొద్దు. చెయ్యండవ్వా."

రుక్మాబాయి చేసింది.

"అవ్వా, కింద బిగించమంటె కనుబొమ్మలు లేపుతున్నరు."

"అవి గూడ సాగినయేమో బిడ్డా!"

ఇక రోజా ఆగలేకపోయింది. "మేడం, మా అత్తమ్మకు గాదు. నాకు" అంది. జీవితంలో తన కోసం తాను నోరు తెరవడం అదే మొదలు. "నేను మళ్ల దుంకొచ్చా?"

"తప్పకుండా. కానీ తొందరొద్దు" అంది అఖిల. లోపలికి తీసుకెళ్లి పరీక్షించి, ముందు నడక, తర్వాత బరువులు, చివరికి గెంతులు అని వరస చెప్పింది. బిడ్డను ఎత్తేటప్పుడు ఊపిరి వదులుతూ ఎత్తమంది. తుమ్ము వచ్చే ముందు కండరం బిగించమంది. కింద బరువుగా అనిపిస్తే ఆపి తనను కలవమంది.

తిరుగు బస్సులో రోజా మెల్లగా అడిగింది. "అత్తమ్మా, గా మొటిమల మందు ఎవరికి?"

"నాకే అంటి గద" అంది రుక్మాబాయి, మొహం కిటికీ వైపు తిప్పుకుని. ఎంత బతిమాలినా ఇంకో ముక్క రాల్చలేదు.

రోజా రాజీనామా మాట మళ్లీ ఎత్తలేదు. సెలవులంతా నిజాంసాగర్ కాలువ గట్టు మీద నడిచింది. ఓ రోజు బాగైపోయిందనుకుని పరుగెత్తింది. కింద బరువుగా అనిపించింది. ఏడుస్తూ ఇంటికొచ్చి, అఖిలకు ఫోన్ చేసి తనే అడిగింది. మళ్లీ నడకకు దిగింది. ఇంట్లో రుక్మాబాయి పోరు చెప్పనలవి కాదు. చిన్నును ఎత్తుకుంటే "ఊపిరి ఇడువు!", బిందె ముట్టుకుంటే "ఊపిరి!" భూమేష్ యూరియా బస్తా ఎత్తబోయినా "అరేయ్, ఊపిరి!" అని అరిచేది. అతను ఉలిక్కిపడి బస్తా కాలి మీద వేసుకున్నాడు కూడా. ఆనాడు బస్సులో కలిసిన ఆడవాళ్లు ఎక్కడైనా కనిపించి "నీకు ఎట్లున్నదక్కా?" అని అడిగితే "జర నయం" అని చెప్పి, వ్యాయామం నేర్పి పంపేది.

వానలు మొదలై బడి తెరిచాక, అఖిల సరేనన్న తర్వాత, రోజా పిల్లలతో కబడ్డీకి దిగింది. చిన్నును చంకనేసుకుని రుక్మాబాయి ప్రహరీ బయట నిలబడింది. రోజా కూతకు వెళ్లింది. పిల్లలు కాలు పట్టబోతే వాళ్ల మీది నుంచి ఎగిరి గీత తాకింది. లేచి మట్టి దులుపుకుంటుంటే గట్టి తుమ్ము వచ్చింది. మైదానం నడుమ, కాళ్లు రెండూ బార్లా ఉండగా.

"ఏమైందే?" ప్రహరీ అవతలి నుంచి కేక. హెడ్ మాస్టరు అటు తిరిగాడు, వాచ్‌మన్ లింగం తిరిగాడు, బడి మొత్తం తిరిగింది.

బస్సు ఆపమని అడగలేని రోజా నోటికి రెండు చేతులూ అడ్డం పెట్టి ఊరంతా వినిపించేలా అరిచింది.

"ఏం గాలే అత్తమ్మా! నీకు మొత్తం నయమైంది!"

"నిజంగనా?"

"నిజంగ! ఇగ నువ్వు ఎంతన్న దుంకొచ్చు!"

రుక్మాబాయి కొంగుతో కళ్లు తుడుచుకుంది. ఏమీ అర్థంకాని హెడ్ మాస్టరు ప్రహరీ దాకా వచ్చి "సంతోషమవ్వా, కానీ ఈ వయసుల జర జాగ్రత్త" అన్నాడు.

"జాగ్రత్తేంది సారూ!" అంది రుక్మాబాయి, ముఖమంతా నవ్వుతో. "మా డాక్టరమ్మ కబడ్డీ ఆడుమన్నది."